ముల్లు దాటిన పాట

మైకుకి వాసన ఉంటుంది. దూరం నుంచి చూసేవాళ్లకి అది వెండి గిన్నెలా మెరుస్తూ కనబడుతుంది గాని, మూతికి ఆనించుకుని గంటలకొద్దీ నిలబడే నాలాంటివాళ్లకి దాని అసలు సంగతి తెలుస్తుంది: తుప్పు పట్టిన ఇనప జల్లెడ వాసన, నాకంటే ముందు అందులో ఉపన్యాసం దంచిన పెద్దమనిషి నమిలిన కిళ్లీ వాసన, ఆయనకంటే ముందు "హలో, హలో" అన్న కుర్రాడు తిన్న ఉల్లిపాయ పకోడీ వాసన, ఇవన్నీ కలిసి ఒక ముద్దగా ముక్కులోకి దూరుతుంటే నేను కళ్లు మూసుకుని ప్రేమ గురించి పాడాలి. అలా కళ్లు మూసుకోవడం చూసి నేను పాటలో లీనమైపోయానని జనం అనుకుంటారు. ఒక పత్రికలో కూడా అలాగే రాశారు.

మొన్న సాలూరులో లారీలవాళ్లు పెట్టించిన కార్యక్రమానికి వెళితే, నా వెనక తెర మీద నా నెత్తి కంటే పెద్ద అక్షరాలతో "ప్రఖ్యాత పాప్ గాయని" అని రాసి ఉంది. ముందున్న మైకులోంచి గుప్పుమని చుట్ట కంపు కొట్టింది. అది మా సూర్రావు మావ మైకు వాసన. పల్లవి ఎత్తుకోవాల్సినదాన్ని దగ్గుతూ నిలబడ్డాను. నాకింకా ముప్పై మూడు నిండలేదు. బాల్య స్మృతులంటే పళ్లూడిపోయాక, కాదనేవాళ్లందరూ పోయాక, తీరిగ్గా రాసుకునేవని నా నమ్మకం. నా విషయంలో కాదనేవాళ్లు చాలామంది దుక్కల్లా బతికే ఉన్నారు, పైగా వాళ్లలో సగంమందికి చదువొచ్చు. అంచేత గత్యంతరం లేక నిజమే రాస్తున్నాను.

మాది నౌపడ స్టేషన్లో దిగి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊరు. నా పేరు సింహాచలం. మా వైపు ఆ పేరు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. మా వీధిలోనే ఒక మీసాల సింహాచలం, ఒక ముసలమ్మ సింహాచలం ఉండేవారు, ఎవరో వీధి చివర నుంచి పిలిస్తే ముగ్గురం పలికేవాళ్లం. ఇంట్లో మాత్రం నన్ను సిమ్మాలు అనేవారు. ఊరికి తూర్పున ఉప్పు మడులు. చలి తగ్గుముఖం పడుతూనే సముద్రపు నీళ్లు మడుల్లోకి ఎక్కించి ఎండకి వదిలేస్తే, వైశాఖం నాటికి అవన్నీ తెల్లగా పేరుకుపోయి, మిట్టమధ్యాహ్నం అటు చూస్తే కళ్లు వాటంతటవే మూతలుపడేవి. అటునుంచి గాలి వీస్తే పెదాలు ఉప్పన, తీగ మీద ఆరేసిన బట్టలు ఉప్పన, చంకనెత్తుకున్న పసిపిల్ల బుగ్గ ముద్దుపెట్టుకుంటే అదీ ఉప్పనే. మా అయ్య, అంటే మా నాన్న, వానాకాలం రెండెకరాల వరి చేసుకుని, ఎండాకాలం ఆ మడుల్లో ఉప్పు లాగేవాడు. ఉప్పు పని చేసి చేసి ఆయన మాటల్లో నీరు కూడా ఆవిరైపోయిందో ఏమో, నోటి వెంట చిన్న చిన్న గడ్డలు మాత్రం రాలేవి. తిను. ఎల్లు. ఆపు. రోజు మొత్తానికి ఆయన వాడకం దాదాపు అంతే.

మా అమ్మ తమ్ముడు సూర్రావు మావ దీనికి పూర్తిగా తిరగేసిన రకం. అరసవల్లి దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయనకి ప్రతిదీ ఒక ఘట్టమే: సైకిల్ టైరులో గాలి పోయినా గుండె మీద చెయ్యేసుకుని గట్టు మీద కూలబడేవాడు. టెక్కలిలో ఆయనకి ఒక గది, గదిలో ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక మైకు, కీ ఇస్తే తిరిగే గ్రామఫోను, నడుం విరిచే బరువున్న బ్యాటరీ, చెక్కపెట్టె నిండా నల్లటి లక్క రికార్డులు. ఇవన్నీ ఎద్దుబండికి ఎక్కించి, పెళ్లికి, సమర్తకి, అమ్మవారి సంబరానికి ఊరూరా తిరిగేవాడు. బండి ఊళ్లోకి రాగానే హారన్ తాటిచెట్టుకి కట్టే కార్యక్రమం ఒకటుండేది. చెట్టెక్కేది ఎవరో, కింద నిలబడి "ఒరే జాగర్త, నా పేనం నీ సేతిలో ఉన్నాది" అని అరిచేది మావ.

మా వైపు పెళ్లిలో పురోహితుడు ఆలస్యమైతే సర్దుకుంటారు, పప్పు మాడితే గొణుక్కుని సర్దుకుంటారు, మైకు ఆగితే మాత్రం సర్దుకోరు. పొద్దున్న మొదలైన హారన్ భోజనాల పంక్తులన్నీ లేచేదాకా మోగుతూనే ఉండాలి. ఆగిందంటే, ఆ ఇంట్లో ఏదో జరిగిందని చుట్టుపక్కల ఊళ్లకి కబురు అందినట్టే: ముసలాయన పోయాడనో, మగపెళ్లివారు అలిగి లేచారనో. ఒకసారి బ్యాటరీ తీగ ఊడి కాసేపు మైకు ఆగితే, పక్క ఊరి నుంచి ఒకావిడ రొమ్ము బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఎవరు పోయారో తెలియకుండానే దారిపొడవునా ఏడ్చేసిందట. తీరా వచ్చాక ఎవరూ పోలేదని తెలిసి, ఏడ్చిన ఏడుపంతా దండగైనందుకు కోపమొచ్చి, మూతి ముడుచుకునే భోంచేసి వెళ్లింది.

మరి ముల్లు మార్చాలన్నా, గ్రామఫోనుకి కీ ఇవ్వాలన్నా, రికార్డు తిరగెయ్యాలన్నా మధ్యలో ఖాళీ తప్పదు. ఆ ఖాళీ పూడ్చడానికి మావకి నేను దొరికాను. విన్న పాట విన్నట్టు పట్టేస్తానని, హార్మోనియం ముక్కలు కూడా నోటితోనే వాయిస్తానని కనిపెట్టి, పదేళ్లప్పటి నుంచి నన్ను బండి మీద రికార్డుల పెట్టె పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. లారీకి స్టెప్నీ టైరు ఎలాగో మావ మైకు సెట్టుకి నేను అలాగ. నా కళాజీవితం అలా ప్రారంభమైంది. వేదికలూ దీపాలూ ఏమీ లేవు, అరటి గెల నీడన ఒక పీట, ఆ పీట పక్కన మావ చుట్ట.

మావ పెట్టెలో అన్నిటికంటే గిరాకీ ఉన్నది ఒక పడవ పాట. ఏ సినిమాలోదో రికార్డు మీద కాగితం చిరిగిపోయి ఎవరికీ తెలియదు. పాట నడుమ ఆ అమ్మాయి గొంతెత్తి "ఏ రేవున ఆగినావో నావవాడా" అని అడుగుతుంది. సరిగ్గా అక్కడ రికార్డు మీద ఒక గీత పడింది. ముల్లు ఆ గీతలో చిక్కుకుని "ఏ రేవున, ఏ రేవున, ఏ రేవున" అని కొట్టుకుంటుంటే, మావ నోట్లో చుట్ట తీసి, దాన్ని పీట అంచున జాగ్రత్తగా ఆనించి, అప్పుడు వేలితో ముల్లుని ముందుకి నెట్టేవాడు. చుట్ట ఆనించడానికి పట్టే సమయం ఎప్పుడూ ఒక్కటే గనక, ఆ అమ్మాయి ఎప్పుడూ మూడుసార్లే అడిగేది. నెట్టిన ముల్లు ఎగిరి అవతలికి పడేది. మధ్యలో ఉన్న లైను, అంటే నావవాడు చెప్పిన జవాబు, ముల్లు కిందే పోయేది. ఆ వెంటనే పిల్లనగ్రోవి.

అలా మా చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ పాటని మావ చుట్ట లెక్క ప్రకారమే నేర్చుకున్నాయి. ఊడుపుల్లో వంగిన ఆడవాళ్లు మూడుసార్లు అడిగి నారు గుచ్చేవారు. పిల్లల్ని ఉయ్యాలలో వేసిన తల్లులు మూడుసార్లు అడిగి ఊపేవారు. నావవాడు ఇంతకీ ఏ రేవున ఆగాడన్నది ఊళ్లో ఒక తెగని తగువు. మా నాయనమ్మ భావనపాడు అని తీర్పు చెప్పేసింది. "భావనపాడే. మరెక్కడాగుతాడు, అక్కడైతే సేపలు సవక" అనేది. కొట్టు అప్పన్న కళింగపట్నం అనేవాడు. ఆయన అత్తవారిది ఆ ఊరు, ఆయన దృష్టిలో ఎవరు ఎక్కడికి బయలుదేరినా చివరికి అక్కడే చిక్కుకుంటారు. ఒకనాడు నేను బళ్లో ఉండగా పంచాయతీ రేడియోలో అదే పాట వచ్చిందట. గరగరలో మాటలేవీ తెలియలేదు గాని, మూడుసార్లు అడగలేదని మాత్రం అందరికీ తెలిసింది. రేడియోవాడికి పాట రాదని ఆ సాయంత్రం రచ్చలో తేల్చేశారు.

నేనూ ఒకసారి ఒక పెళ్లిలో, ఒకే మాట మూడుసార్లు అరవడమేమిటని విసుగుపుట్టి, ఒక్కసారే అడిగి ముందుకు పోయాను. విస్తళ్ల ముందు వంగిన తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"ఏటే గుంటా, పాట మింగేస్తన్నావు?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. "మీ మావ మిషనే నయం నీకంటే."

పాట సంగతి అలా ఉంటే నా గొంతు సంగతి ఇంకా ఘోరం. అది నాదని నేను అనుకునేదాన్ని. ఊరు అలా అనుకోలేదు. ఎండలు ముదిరి జీడిమామిడి తోటల్లో పళ్లు ఎర్రగా పచ్చగా వేలాడుతూ, ఆ తియ్యటి మత్తు వాసన వీధిలోకి వచ్చేస్తుంటే, నా ఈడు పిల్లలు పళ్లరసం మోచేతుల దాకా కార్చుకుంటూ తినేవారు, నాకు మాత్రం గొంతు పట్టేస్తుందని నిషేధం. పుల్ల ఐసు బండి గంట వినబడితే చాలు, ఎవరో ఒకరు గుమ్మంలోంచి "ఒసే సిమ్మాలూ, ఎల్లుండి మా ఇంట్లో సమర్త ఉన్నాది" అని గుర్తుచేసేవారు. వానల్లో కాల్చిన తాటిపండు వద్దు, పీచు గొంతులో అడ్డపడుతుంది. కార్తీకంలో గౌరీ పున్నమి చలికి తేగలు వద్దు, దగ్గొస్తుంది. ఉగాది ముందు వచ్చే కొత్తమాసకి బుట్టల కొద్దీ పొంగడాలు చేస్తే, నూనె సరుకని నాకు రెండు చేతిలో పెట్టి, మిగతావి నా ఎదురుగానే మా అక్క, మా వైపు అప్ప అంటాం, మూడు పూటలా నముల్తూ కూర్చునేది. ఈ కాపలాకి అధిపతి మా నాయనమ్మ. ఆవిడ మా ఊరి ముసలమ్మలందరిలాగే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది. లోపల నిప్పు అలా ఉండగానే, పెదాల సందుల్లోంచి పొగ వదులుతూ, "గొంతు జాగర్తగా సూసుకోవాలే" అని నాకు చెప్పేది. నేను మిరియాలు నమిలేదాన్ని.

అయ్య మాత్రం ఇందులో వేలు పెట్టలేదు. పెట్టకపోవడమే ఆయన పద్ధతి. మైకు కట్టిన ఇంటి ఛాయలకి వచ్చేవాడు కాదు. మావ బండి ఊళ్లోకి దిగిందంటే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పనున్నా లేకపోయినా ఉప్పు మడుల వైపు నడిచిపోయేవాడు. ఇంట్లో ఎవరైనా నా పాట గురించి ఎత్తితే గొడ్లకి నీళ్లు గుర్తొచ్చేవి. "ఈ గుంట గొంతు పెల్లికి ముందే నాలుగూల్లు తిరిగొస్తన్నాది" అని అమ్మతో ఒకసారి అన్నాడు. మా ఇంట్లో దాన్ని ఉపన్యాసం కింద లెక్కవేశారు.

నాకు పదిహేనేళ్లు వచ్చిన ఏడాది మావ ఒక కబురుతో వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. గుండె మీద చెయ్యి ఉంది గనక విషయం పెద్దదని తెలిసింది. విజయనగరంలో ఒక పాటకచేరీ బృందం ఉందట, దానికి కొత్త గొంతు కావాలట, సింహాచలం అని పేరు చెబితే మేస్టారు తీసుకొచ్చి వినిపించమన్నాడట. "బావా, నీ కూతురు పోస్టర్లో ఎక్కుతాది" అని మావ కళ్లు తుడుచుకున్నాడు. అయ్య మడిచిన తువ్వాలు మళ్లీ మడిచాడు.

"ఒక్కసారి తీసుకెల్లు," అన్నాడు. "ఆల్లు బాగున్నాదంటే నానేటీ అనను. బాగులేదంటే మాత్రం మల్లీ మైకు ముట్టుకోకూడదు. అంతే."

ఒకే ఊపులో అయ్య అన్ని మాటలు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. అందుకే భయమేసింది. ఎక్కువ మాట్లాడేవాళ్లు మాట మారుస్తారు. అంత పొదుపుగా వాడేవాడు వాడిన మాటని వెనక్కి తీసుకోడు. మైకు లేకపోతే నేను ఏమిటన్నది ఆ పూట మొదటిసారి ఆలోచించాను. వరి, ఉప్పు, గొడ్లకి నీళ్లు. ఆ మూడూ చెడ్డవని కాదు. వాటిల్లో దేనికీ పల్లవి లేదు.

నౌపడలో పాసింజరు ఎక్కి వెళ్లాం: నేను, మావ, నాయనమ్మ. నాయనమ్మ మూటలో కరక్కాయ, పిప్పళ్లు, తేనె సీసా, చోడి పిండితో, అంటే రాగి పిండితో, చేసిన రొట్టెలు. రైలు పెట్టెలో ఉన్నవాళ్లందరికీ మావ నన్ను పరిచయం చేశాడు. పలాస నుంచి జీడిపప్పు బస్తాతో వస్తున్న ఒకాయన, అంత గొప్ప గొంతుంటే ఒక ముక్క వినిపించమన్నాడు. గొంతు ఖర్చయిపోతుందని నాయనమ్మ ఒప్పుకోలేదు.

విజయనగరంలో బృందం ఉండేది ఒక బట్టల కొట్టు మేడ మీద. లోపల వయొలిన్, తబలా, పిల్లనగ్రోవి, మెడలో వేలాడేసుకుని ఊపిరితిత్తుల్లా లాగే అకార్డియన్, చాప మీద వాటి మనుషులు. మేస్టారు సన్నటి మనిషి, అంత ఎండలోనూ మెడకి మఫ్లరు. నన్నూ నాయనమ్మనీ దాటుకుని గుమ్మంలోకి చూశాడు.

"సింహాచలం గారు రాలేదా?"

"నేనేనండి."

"అబ్బాయి అనుకున్నాం."

"మా ఇంట్లో కూడా పుట్టేదాకా అలాగే అనుకున్నారండి," అన్నాను. తబలా ఆయన నవ్వాడు. మేస్టారు నవ్వలేదు. ఏం పాడతావంటే పడవ పాట అన్నాను. వాళ్లకి ఆ పాట వచ్చు. మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే అంతవరకూ నా జన్మలో అలాంటి సుఖం లేదు. రికార్డులో పురుగుల రొదలా వినబడే వయొలిన్ నా పక్కనే, మనిషి చేతిలో, మూలుగుతోంది. ఆ ఊపులో నేను "ఏ రేవున ఆగినావో" దగ్గరికి వచ్చి, పద్ధతి ప్రకారం "ఏ రేవున, ఏ రేవున, ఏ రేవున" అని, అక్కణ్నుంచి ఒక్క గెంతులో పిల్లనగ్రోవి ముక్క నోటితో ఎత్తుకున్నాను.

పిల్లనగ్రోవి ఆయన వాద్యం ఒళ్లో పెట్టుకుని నాకేసి చూస్తున్నాడు. వయొలిన్ ఇంకా వెనక లైనులోనే ఉంది. తబలా ఆగిపోయింది. అకార్డియన్ ఒక్కటే, గాలి ఇంకా మిగిలిందన్నట్టు, కొంచెం దూరం ఒంటరిగా వెళ్లి ఆగింది.

"అదేమిటమ్మా?" అన్నాడు మేస్టారు.

"పాట అంతేనండి," అన్నాడు మావ, నాకంటే ముందు. "మా రికార్డులో అలాగే ఉన్నాది."

మేస్టారు వయొలిన్ ఆయన వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకుని, ఇన్నేళ్లూ మా ఊళ్లకి అందని ఆ లైను మెల్లగా పాడాడు: "నీ మనసు రేవున, నీ మనసు రేవున."

"ఓస్, ఇంతేనా," అంది నాయనమ్మ. ఆవిడకి భావనపాడు కానందుకు కాదు, ఇంత చిన్న జవాబుకి ఆ పిల్ల చేత అన్నిసార్లు అడిగించినందుకు కోపం వచ్చింది.

మేస్టారు మంచివాడే. మెత్తగానే చెప్పాడు. "గొంతు బాగుంది. కాని ఈ అమ్మాయి పాట పాడడం లేదు, రికార్డు పాడుతోంది. రికార్డులు మా దగ్గరా ఉన్నాయి. ఒక ఏడాది ఎవరి దగ్గరైనా సరిగ్గా నేర్పించి తీసుకురండి."

తిరుగు రైల్లో మావ గుండె మీద చెయ్యి తియ్యకుండా ఒక వాదన కట్టాడు. గొంతు బాగుందన్నాడు గదా, బాగుందంటే బాగున్నట్టే గదా, బావ అడిగిందీ ఆ మాటే గదా. నౌపడ వచ్చేసరికి దాన్ని ఆయనే నమ్మేశాడు. ఇంటికి చేరాక అది నోటి దాకా రాకముందే నాయనమ్మ కాళ్లు కడుక్కుంటూ, "బాగులేదన్నాడురా, మల్లీ నేర్సుకు రమ్మన్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అయ్య సరే అన్నాడు.

ఆ తరవాత నన్నెవరూ కాపలా కాయలేదు. మావ ఒక్కడే బండి మీద పోయేవాడు, ఖాళీలు వస్తే మైకులో దగ్గి పూడ్చుకునేవాడు. నేను జీడిమామిడి పళ్లు కడుపు పట్టినన్ని తిన్నాను. ఐసు తిన్నాను. పచ్చి చింతకాయ ఉప్పులో అద్దుకుని, నాయనమ్మ ఎదురుగా కూర్చుని మరీ తిన్నాను. ఆవిడ చూసి తల తిప్పుకుంది. ఎవరూ వద్దనలేదు. అయిదేళ్లుగా నోరూరించిన సరుకంతా, తీరా తింటే, నేను అనుకున్నంత గొప్పగా ఏం లేదు.

ఆ మరుసటి ఎండాకాలం అప్పకి పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది సాలూరు. సొంత మేనకోడలి పెళ్లి గనక మావ రెండు హారన్లూ కట్టి, పెట్టెలో ఉన్నవన్నీ తెచ్చాడు. పొద్దున్న ముహూర్తం అయిపోయింది. మధ్యాహ్నం మొదటి పంక్తికి విస్తళ్లు వేశారు. పనసకాయ కూర, ఆవపెట్టిన అరటి, బెల్లం బూరెలు, వాటి మీద పోసే నెయ్యి వాసన పందిరంతా కమ్ముకుని ఉంది. హారన్ మోగుతోంది. అప్ప వచ్చి మావ కాళ్లకి దండం పెట్టింది. ఆయన దీవించబోయి, తువ్వాలు మొహానికి కప్పుకుని బావురుమంటూ వెనక్కి కూర్చుండిపోయాడు. వెనక ఉన్నది మూత తీసిన రికార్డుల పెట్టె.

ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. అప్పడాల గంప మీద గేదె పడుకున్నట్టు. గ్రామఫోను మీద తిరుగుతున్న పాట కూడా మధ్యలోనే గరగరమని, అదీ ఆగిపోయింది. మావ లేచి చూశాడు. పెట్టెలో మాకు తెలిసిన సంగీతమంతా నల్లటి పెంకుల్లా ఉంది. జన్మలో మొదటిసారి ఆయన చెయ్యి గుండె మీదికి పోలేదు. నిజంగా జరిగిన ఘోరానికి ఏం చెయ్యాలో ఆయనకి అభ్యాసం లేదు.

పందిట్లో ముద్దలు ఆగిపోయాయి. గ్రామఫోను మీద ఉన్న రికార్డు ఒకటి మిగిలింది గదా, దాన్నే మళ్లీ మొదటి నుంచి వెయ్యవచ్చుగదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. పడిపోయేటప్పుడు మావ మోచెయ్యి తగిలి గ్రామఫోను ముల్లు చెయ్యి కూడా వంకరపోయింది. మావ చేస్తే ఏదీ సగంలో వదలడు.

పెళ్లికొడుకు తండ్రి చెయ్యి విస్తట్లోనే ఉంచి, "ఏటి బావగారూ, మైకు ఆగిపోనాది, ఏటైనా గొడవొచ్చినాదా?" అని అడిగాడు. వీధి చివర అప్పుడే ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొస్తున్న అలికిడి. అయ్య పులుసు బకెట్టు పట్టుకుని పంక్తి మధ్యలో ఉన్నాడు. మావ వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, అరటి గెల పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు.

"పాడే," అన్నాడు.

"ముట్టుకోకూడదన్నావు కదయ్యా."

"ముట్టుకోకు. నిలబడి పాడు."

నిలబడ్డాను. మైకు పీట మీద దాని మానాన అది ఉంది, దానికి చుట్ట కంపు. గొంతులో ఏడాది పొడవునా తిన్న చింతకాయంతా అడ్డంపడింది. పడవ పాట తప్ప ఇంకేదీ గుర్తుకురాలేదు. అది మొదలుపెట్టి, ఈసారైనా సరిగ్గా పాడదామని, "ఏ రేవున ఆగినావో" అని ఒక్కసారే అడిగి, విజయనగరంలో విన్న జవాబు కూడా పాడాను. నీ మనసు రేవున, నీ మనసు రేవున.

పందిరి నొసలు ముడుచుకుంది.

"మనసు రేవేటే?" అన్నాడు కొట్టు అప్పన్న. "ఆ రేవెక్కడున్నాది?"

"తప్పు పాడతన్నాది," అన్నారెవరో. మగపెళ్లివారు మా మొహాలు చూస్తున్నారు. నేను ఆగిపోయాను. మైకు మళ్లీ ఆగింది. అప్పుడు అయ్య ఎవరి విస్తట్లోనో పులుసు పోస్తూ, వెనక్కి తిరగకుండా, చాలా విసుగ్గా అన్నాడు:

"మూడుసార్లడగాలే. ఏ రేవునని మూడుసార్లు. ఆడు సెప్పకూడదు. మల్లీ పాడు."

మైకు కట్టిన ఇంటి ఛాయలకి రాని మనిషి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. అప్పుడు వెలిగింది నాకు. ఊళ్లో అయితే గోడలూ చెట్లూ మాటలూ అడ్డం. ఉప్పు మడుల్లో చెట్టు లేదు, గోడ లేదు, పలకరించే మనిషి లేడు. తాటిచెట్టు మీది హారన్ ఒక్క అక్షరం పోకుండా వినబడాలంటే జిల్లాలో అంతకు మించిన చోటు లేదు. ఆయన ఇన్నేళ్లూ తువ్వాలు దులుపుకుని వెళ్లింది అక్కడికి.

మూడుసార్లు అడిగాను. నావవాడు చెప్పలేదు. పందిరంతా హాయిగా నిట్టూర్చి ముద్ద కలుపుకుంది. ఆఖరి పంక్తి లేచేదాకా, మావ పెట్టెలో పెంకులైన పాటలన్నీ ఒక్కొక్కటే, గీతలతో సహా, పాడాను. సాయంత్రానికి గొంతు పోయింది. నాయనమ్మ మిరియాలు తెచ్చి నా అరచేతిలో పోసి, పక్కన కూర్చుని చుట్ట వెలిగించింది.

పందిరి విప్పుతున్న రోజున అయ్య మావతో అన్నాడు, నేను వినేంత దూరంలో: "ఆ ఇజీనగరం మేస్టరు ఏడాది నేర్పించమన్నాడు కదా. ఎవుల కాడ నేర్పించాలో కనుక్కో." మావ గుండె మీద చెయ్యేసుకుని అక్కడే గుంజకి ఆనుకుని కూలబడ్డాడు.

తరవాతి కథ క్యాసెట్ల అట్టల మీద ఉంటుంది, కొంత అబద్ధం కలిసి. మావ ఇప్పుడు టెక్కలిలో టేప్ రికార్డర్లు బాగుచేస్తున్నాడు, లక్క రికార్డు చూడని పిల్లలకి ఆ పెట్టె కథ చెప్పి ఏడుస్తున్నాడు. పడవ పాటని ఇప్పుడు అందరూ సరిగ్గానే పాడుతున్నారు. ఊడుపుల్లో కూడా జవాబు చెప్పేస్తున్నారు. నాయనమ్మ లేదు. పుల్ల ఐసు బండి వస్తే నా పేరు పెట్టి పిలిచి అరిచేవాళ్లు లేరు. నేను ఎన్ని తిన్నా అడ్డుకునే దిక్కు లేదు.

పోయిన నెల మా ఊళ్లో చుట్టాలింట పెళ్లికి వెళ్లాను. అయ్య పక్కన పంక్తిలో కూర్చున్నాను. గుంజకి కట్టిన నల్లటి పెట్టెలోంచి పాట వస్తోంది, పక్కన మనిషి కూడా లేడు, దాని పాటికి అది. నా గొంతే. రెండో చరణం మధ్యలో టేపు చుట్టుకుపోయినట్టుంది, కీచుమని ఆగిపోయింది. ఎవరూ తల ఎత్తలేదు. పప్పు అడుగుతున్నారు, వడియాలు అడుగుతున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. వీధి చివర నుంచి ఏడుస్తూ ఎవరూ రాలేదు. అయ్య ఒక్కడే ముద్ద నోటి దగ్గర ఆపి ఆ పెట్టె వైపు చూశాడు, తరవాత నా వైపు.

"ఏటయ్యా?"

"పాట ఆగిపోనాది."

పెరుగు వచ్చింది. ఆయన వేయించుకున్నాడు, నెమ్మదిగా కలుపుకున్నాడు.

"ఎవులికీ తెలీనేదే," అన్నాడు.